షికాగో హోటల్ బస గురించి యువ రచయితకు లేఖ

మిత్రులకు నమస్కారం.

షికాగోలోని రిలయన్స్ భవనంలో, ఇప్పుడు హోటల్‌గా ఉన్న చోట, మీరు చేసిన బస గురించి పంపిన రచన చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే గది తలుపుకు మసక అద్దం, ఉత్తరాలు వేసే చీలిక ఉన్నాయని ఒక్క ముక్క రాసి, వెంటనే పరుపు మెత్తదనం వర్ణనలోకి దిగిపోవడం చూసి నాకు ఒళ్లు మండింది. పడకగది తలుపుకు ఉత్తరాల చీలిక ఏమిటని మీకు అనుమానమైనా రాలేదా? 1895లో పూర్తయిన ఆ భవనం పై అంతస్తుల్లో డాక్టర్లు, పళ్ల డాక్టర్లు గదులు అద్దెకు తీసుకుని రోగులను చూసేవారు. 1999లో హోటల్‌గా తెరిచినప్పుడు ఆ పాత ఆఫీసుల ఆనవాళ్లను చెరిపేయకుండా నిలిపారు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అంతస్తులో మీరు హాయిగా నిద్రపోయారన్నమాట.

పాత భవనంలో బస చేసిన రచయిత ముందు గోడ సంగతి తేల్చి, ఆ తర్వాతే తన మనసు సంగతి ఎత్తుకోవాలని నా మొండి నమ్మకం. కిటికీలోంచి కనబడిన నగరానికి ఒకటిన్నర పేజీ ఇచ్చారు కదా, ఆ కిటికీ అంత వెడల్పుగా ఎలా వచ్చిందో చెప్పారా? బరువంతా ఉక్కు చట్రం మోస్తుంది కాబట్టి గోడకు మోత పని తప్పింది, ఆ జాగాను అద్దం ఆక్రమించింది. నేనూ ఒకప్పుడు ఇలాంటి బస గురించి రాస్తూ కట్టడం సంగతులు చేర్చితే, ఒక సంపాదకుడు వాటన్నిటినీ కొట్టేసి, ఆ చోట ఫలహారం పళ్లెం ఫొటో వేసి, "పాఠకులకు అనుభూతి కావాలండీ" అన్నారు. ఆ అనుభూతుల ఫ్యాషన్ ఇంకా వదల్లేదని మీ రచన చూస్తే తెలుస్తోంది.

ఇక్కడ ఎంత కథ ఉందో చూడండి. 1890లో పని మొదలుపెట్టేసరికి ఆ స్థలంలోని పాత భవనం పై అంతస్తుల్లో అద్దెవాళ్ల గడువు తీరలేదు. అందుకని ఆ అంతస్తులను మనుషులతో సహా స్క్రూ జాకీల మీద నిలబెట్టి, వాళ్ల కిందనే కొత్త పునాదిని, కింది అంతస్తును కట్టారు. రూపశిల్పి జాన్ రూట్ 1891లోనే చనిపోగా, గడువు తీరాక పైభాగాన్ని చార్లెస్ ఆట్‌వుడ్ రూపొందించారు. పై 10 అంతస్తుల ఉక్కు చట్రం 15 రోజుల్లో లేచింది.

జాకీల మీద కాపురమున్న ఆ అద్దెవాళ్లతో రచన మొదలుపెట్టి మళ్లీ పంపండి. ఫొటోలు అక్కర్లేదు.