రీటా లీ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రెజిల్ గాయని రీటా లీ మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఆమె పాట మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే 1972లో ఆమె తన రాక్ బృందం ‘ఓస్ ముటాంటెస్’ను వదిలి సొంతంగా వెలిగిందని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది, అక్కడే ఆగి రాయాలి.

బాప్టిస్టా సోదరులతో కలిసి సావో పాలోలో ‘ఓస్ ముటాంటెస్’ మొదలుపెట్టడం, 1967 టీవీ రికార్డ్ పాటల పోటీలో గాయకుడు గిల్బెర్టో గిల్‌తో వేదికెక్కడం, మరుసటి ఏడాది, బ్రెజిల్ సంగీతాన్ని రాక్‌తో కలిపిన ట్రోపికాలియా ఉద్యమ ఆల్బమ్‌లో పాలుపంచుకోవడం నువ్వు చక్కగానే చెప్పావు. చిక్కంతా ఆ తరువాతి కాలంతోనే. ఆమె తొలి సోలో ఆల్బమ్ ‘బిల్డ్ అప్’ 1970లో, ఇంకా బృందంలో ఉండగానే వచ్చింది. 1972లో ఆమె పేరుతో మరొకటి వెలువడినా, అందులో వాయించింది ముటాంటెస్ సభ్యులే. ఆ ఏడాదే ఆమె వారికి దూరమైంది. ఆమె తనంతట తానే వెళ్ళిపోయినట్టు నువ్వు రాశావు. కానీ ప్రోగ్రెసివ్ రాక్‌కు, అంటే సుదీర్ఘమైన, క్లిష్టమైన వాద్య సంగీతం ఉండే రాక్‌కు, కావలసిన వాద్య నైపుణ్యం తనకు లేదంటూ తనను తప్పించారని 2016 నాటి ఆత్మకథలో ఆమె చెప్పుకుంది. అది ఆమె మాటగానే రాయి, తీర్పు మాత్రం నువ్వు చెప్పవద్దు.

బయటికి వచ్చాక కూడా ఆమె ఒంటరిగా పాడలేదు, ‘టుట్టి ఫ్రుట్టి’ అనే మరో బృందాన్ని చేరదీసుకుంది. 1975 నాటి ‘ఫ్రుటో ప్రోయిబిడో’ ఆల్బమ్ మీద ఆమె పేరు, ఆ బృందం పేరు రెండూ ఉన్నాయి. అందులోని ‘ఒవెల్యా నెగ్రా’ పాటలో కుటుంబానికి నువ్వు తలవంపులు, వెళ్ళిపొమ్మని తండ్రి కూతురితో అంటాడు. ఆ పాటను ముటాంటెస్ గాయంతో ముడిపెట్టాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. ముడిపెడితే అది నీ ఊహ అని పాఠకుడికి తెలియనివ్వు.

1976లో సైనిక పాలన కింద, గర్భవతిగా ఉన్నప్పుడు, గంజాయి కేసులో ఆమెను అరెస్టు చేసినప్పుడు జైలుకు వెళ్ళి పలకరించినది ఎలిస్ రెజీనా. రీటా బృందం వాయించిన ఎలక్ట్రిక్ గిటార్ లాంటివి వద్దంటూ 1967లో సావో పాలో వీధుల్లో ఊరేగిన గాయనే ఆమె. ఆ ఊరేగింపూ ఈ పరామర్శా ఒకే పేరాలో పక్కపక్కన ఉండాలి. నా దృష్టిలో నీ వ్యాసానికి గుండెకాయ అదే.

సోలో అని అందరూ అనే 1979, 1980 ఆల్బమ్‌లలోనూ భర్త, గిటారిస్టు రొబెర్టో డి కార్వాల్యో ఆమె పాటలకు సహ రచయిత. 1982 నాటికి ఆల్బమ్ మీదకే ఇద్దరి పేర్లూ ఎక్కాయి. కాబట్టి బృందం నుంచి ఏకాకి ప్రయాణానికి అనే నీ శీర్షిక నిలబడదు, మార్చు. 1972, 1975 రికార్డులు వరుసగా విని, ఎక్కడ ఎవరు వాయించారో రాసుకుని, ఆ మూడేళ్ళ భాగాన్ని కొత్తగా రాసి పంపు. పైన చెప్పినవి తప్ప తక్కినదంతా ఇప్పుడున్నట్టే ఉండనివ్వు.