వేగం సరే, బ్రేకు సంగతేమిటి?

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండు సార్లు చదివాను. రెండో పేజీలోని ఒక వాక్యం దగ్గర రెండు సార్లూ ఆగిపోయాను: "రేసు కార్ల వేగం ఏటేటా పెరుగుతూనే వచ్చింది." ఈ వాక్యం నాకు పాత పరిచయమే. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాస్తారు, వాళ్లను చూసి మరొకరు. చివరికి నీ కలానికి కూడా అంటుకుందే అని ఒళ్లు మండింది. 1911లో అమెరికాలోని ఇండియానాపోలిస్ రేసులో రే హారౌన్ వెనక వచ్చేవాళ్లను చూడటానికి తన కారుకు బిగించుకున్న అద్దం గురించి నువ్వు రాసిన నాలుగు ముక్కలు బాగున్నాయి. మెచ్చుకోవడం అంతటితో సరి. మిగతా ఉత్తరమంతా తగాదాయే, ఏమనుకోకు.

1971 ఇటలీ గ్రాండ్ ప్రి తీసుకో. మోంజా ట్రాక్ మీద పీటర్ గెథిన్ గంటకు 242.6 కిలోమీటర్ల సగటుతో గెలిచాడు. అతనికీ రెండో స్థానంలో వచ్చిన రోనీ పీటర్సన్‌కూ మధ్య తేడా సెకనులో వందో వంతు. మొదటి ఐదు కార్లూ ముప్పావు సెకనులోపే గీత దాటేశాయి. మరుసటి ఏడాది అదే ట్రాక్ మీద గెలిచిన ఎమర్సన్ ఫిటిపాల్డి సగటు 212 కూడా లేదు. ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోమీటర్లు పోయాయి. కార్లు పాడయ్యాయా, నడిపేవాళ్లు నడపడం మరిచిపోయారా? ముందు కారు చీల్చిన గాలిలో వెనుక కారు నక్కి, అలా గుంపులు గుంపులుగా దూసుకుపోవడం చూసి నిర్వాహకులకు భయం పట్టుకుంది. తిన్నని దారికి అడ్డంగా రెండు చోట్ల ఇరుకు మలుపులు పెట్టారు. షికేన్లు అంటారు వాటిని. గెథిన్ నెలకొల్పిన సగటు బద్దలు కావడానికి 2003లో మైఖేల్ షూమాకర్ వచ్చి 247.6 నమోదు చేయాల్సి వచ్చింది. ముప్పై రెండేళ్లు! ఏటేటా పెరగడమంటే ఇదేనా?

ఇంకా వెనక్కి వెళదాం. 1937లో బెర్లిన్ దగ్గర ఆవుస్ ట్రాక్ మీద హెర్మన్ లాంగ్ మెర్సిడెస్‌లో గంటకు 260 కిలోమీటర్లకు పైగా సగటుతో గెలిచాడు. అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నడిచిన ఆ కారు ముందు 2003 నాటి షూమాకర్ ఫెరారీ వెనకబడిపోయిందని లెక్క. నీ వ్యాసం చివరి వేగాల పట్టికలో ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెడితే చదివేవాడికి తల తిరుగుతుంది. తిరగాలి కూడా. ఎందుకంటే ఆవుస్ అసలు ట్రాకే కాదనాలి. పక్కపక్కనే సాగే రెండు పొడవాటి రహదారులు, వాటిని కలుపుతూ రెండు కొసల్లో రెండు మలుపులు, అంతే. ఉత్తరపు కొసన ఇటుకలతో గోడలా లేపిన ఏటవాలు కట్ట కూడా ఉండేది. అక్కడ కాలు పైకెత్తే పని చాలా తక్కువ. షూమాకర్ మాత్రం ప్రతి ల్యాప్‌లోనూ, అంటే ట్రాక్ చుట్టూ తిరిగిన ప్రతిసారీ, నిలువునా బ్రేకు తొక్కి, ఇరుకు మలుపుల్లో మెలికలు తిరిగి, మళ్లీ ఊపందుకొని 247 తెచ్చాడు.

నా వాదన ఇదే. నేను పోయేదాకా ఇదే అంటాను. వేగం గురించి రాసేవాళ్లు ముందు బ్రేకు గురించి రాయాలి. కారు ఎక్కడ నెమ్మదించింది, దేనివల్ల నెమ్మదించింది, ఎవరు నెమ్మదింపజేశారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే గంటకు ఇన్ని కిలోమీటర్లు అనే అంకెకు పూచికపుల్ల విలువ కూడా లేదు.

ఈ మాట నేను తొలిసారి రాసినప్పుడు పత్రికలో రాత్రి డ్యూటీలో ఉండేవాణ్ణి. మోటారు రేసుల వార్తలంటే పెద్దవాళ్లకు చిన్నచూపు. ఏజెన్సీ నుంచి వచ్చిన కాగితాన్ని కుర్రవాళ్ల బల్ల మీదికి విసిరేసేవారు. మైళ్లను కిలోమీటర్లలోకి మార్చడం, పేర్లు ఎలా పలకాలో తెలియక తల పట్టుకోవడం, ఇదే నా ఉద్యోగం. విసుగొచ్చి ఒకసారి మోంజా షికేన్ల మీద సొంతంగా ఒక పెద్ద వ్యాసం రాసి ఇచ్చాను. మా సంపాదకుడు అందులోంచి అన్నింటికన్నా పెద్ద అంకెను ఏరి, దాన్ని లావు అక్షరాల్లో కూర్చి, పక్కన కారు బొమ్మ వేసి, నా వ్యాసాన్ని మొత్తం చెత్తబుట్టలో వేశాడు. "మలుపుల గురించి ఎవడు చదువుతాడయ్యా?" అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన వారసులు మాత్రం అన్ని చోట్లా ఉన్నారు. నీ వ్యాసం చివర ఉన్న పట్టిక చూడగానే ఆ గొంతే వినిపించింది.

తొలి రోజుల గురించి నువ్వు మూడు వాక్యాల్లో తేల్చేశావు. అసలు సరుకంతా అక్కడే ఉంది తల్లీ! 1895లో పారిస్ నుంచి బోర్డోకు వెళ్లి తిరిగి రావాలి. మొత్తం 1,178 కిలోమీటర్లు. ఎమిల్ లెవాసర్ దాదాపు ఒంటరిగా, రాత్రీ పగలూ నడిపి 48 గంటల 48 నిమిషాల్లో పూర్తిచేశాడు. గంటకు 24 కిలోమీటర్లు. ఇంతా చేస్తే, అతని కారులో రెండే సీట్లున్నాయని మొదటి బహుమతి మరొకరికి ఇచ్చారు. ఎనిమిదేళ్ల తర్వాత, 1903లో, పారిస్ నుంచి మాడ్రిడ్‌కు రేసు పెట్టారు. పారిస్ నుంచి బోర్డో వరకు ఫెర్నాన్ గాబ్రియేల్ సగటు 105. ఎనిమిదేళ్లలో నాలుగు రెట్లకు పైగా! తర్వాత ఏ ఎనిమిదేళ్లలోనూ ఇలాంటి దూకుడు లేదు. కానీ ఆ రేసు బోర్డో దాటలేదు. దారిలో దుమ్ము మేఘంలా లేస్తే ముందేముందో కనిపించేది కాదు. జనం రోడ్డు మీదికే వచ్చి నిలబడ్డారు. నడిపేవాళ్లు, చూడవచ్చినవాళ్లు చనిపోయారు. వారిలో మార్సెల్ రెనో ఒకడు. ప్రభుత్వం రేసును అక్కడే ఆపేసింది. వేగం కథలో తొలి పెద్ద బ్రేకు అది. నీ వ్యాసంలో దాని ఊసే లేదు.

1906లో ల మాన్ దగ్గర జరిగిన తొలి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి చూడు. రెండు రోజుల రేసు. రెనో కారులో గెలిచిన ఫెరెంక్ సిస్ సగటు 101. గాబ్రియేల్ కన్నా తక్కువే. ఎండకు రోడ్డు మీది తారు కరిగి, చక్రాల కింద రాళ్లు లేచి మొహాల మీద కొట్టేవి. టైరు పోతే నడిపేవాడూ పక్కన కూర్చున్న మెకానిక్కూ తామే దిగి మార్చుకోవాలి. పాత టైరును కత్తితో కోసి, చక్రం నుంచి ఊడబెరికి, కొత్తదాన్ని బలవంతాన ఎక్కించాలి. ఒక్కోసారి పావుగంట పట్టేది. సిస్ చక్రాలకు మిషలిన్ వాళ్లు విప్పి బిగించుకునే రిమ్ములు ఇచ్చారు. నట్లు విప్పి, గాలి నింపి సిద్ధంగా ఉంచిన టైరుతో సహా రిమ్మును మార్చేస్తే నాలుగు నిమిషాల్లోపే పని పూర్తి. ఇంజను బలం చూస్తే సిస్ కారు మిగతావాటి కన్నా గొప్పదేమీ కాదు. ఆగిన సమయం తగ్గించుకొని గెలిచాడు. నీ వ్యాసంలో "శక్తిమంతమైన ఇంజన్ల వల్ల వేగం పెరిగింది" అనే ముక్క నాలుగు చోట్ల ఉంది. సిస్ గురించి తెలిస్తే ఒక్కచోటయినా కలం ఆగేది.

నాకు బ్రేకు పిచ్చి ఎప్పుడు పట్టుకుందో చెబుతాను. ఎవరో మిత్రుడి పుణ్యమా అని మోంజాలో ప్రాక్టీసు చూసే అవకాశం వచ్చింది. మొదట తిన్నని దారి పక్కన నిలబడ్డాను. ఏమీ కనిపించలేదు. పెద్ద శబ్దం, ఒక రంగు మరక, అంతే. మెడ తిప్పేలోపు వెళ్లిపోయేది. నిరాశపడి మొదటి షికేన్ దగ్గరికి నడిచాను. అక్కడ కళ్లు తెరుచుకున్నాయి. 350 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు మూడు సెకన్లలోపే 80, 90కి దిగిపోతోంది. ముక్కు నేలకు అంటుకుంటుంది. చక్రాల మధ్య కార్బన్ బ్రేకు పళ్లేలు నిప్పు కణికల్లా ఎర్రబడతాయి. గేర్లు ఒక్కొక్కటీ దిగుతుంటే ఇంజను దగ్గినట్టు వినిపిస్తుంది. ఒక డ్రైవరు మిగతావాళ్ల కన్నా పది మీటర్లు ఆలస్యంగా బ్రేకు వేస్తాడు. ల్యాప్ సమయాల పట్టిక తర్వాత చూస్తే అతని పేరే పైన ఉంది.

ఆ పది మీటర్లకు చరిత్ర ఉంది, అది రాయి. విమానం రెక్కను తలకిందులు చేస్తే గాలి కారును నేలకేసి అదుముతుందన్న సూత్రాన్ని 1960లలో రేసుల్లో అమల్లో పెట్టారు. బరువు పెరగకుండానే టైర్లకు పట్టు పెరిగింది. పట్టు పెరిగితే బ్రేకు ఆలస్యంగా వేయొచ్చు. 1969లో స్పెయిన్‌లో, మోంజుయిక్ ట్రాక్ మీద, గ్రాహం హిల్, యోఖెన్ రింట్ నడిపిన రెండు లోటస్ కార్ల ఎత్తయిన రెక్కలూ విరిగి కార్లు తుక్కయ్యాయి. తర్వాతి రేసులోనే ఆ రెక్కలను నిషేధించారు. రెక్క పోతే పోయిందని లోటస్ వాళ్లు కారు కడుపునే రెక్కలా మలిచారు. పక్కలకు నేలను రాసుకునే స్కర్టులు కట్టి, కింది గాలిని బంధించి, 1978లో మారియో ఆండ్రెట్టిని ప్రపంచ విజేతను చేశారు. స్కర్టు ఎక్కడైనా నేలను వదిలిందంటే పట్టు ఒక్కసారిగా మాయం. 1983 నుంచి అడుగు భాగం చదునుగా ఉండాలన్నారు. ఇంజనులోకి గాలిని బలంగా నెట్టే టర్బోలు అప్పటికే వచ్చేశాయి. 1985లో కెకె రోస్‌బర్గ్ సిల్వర్‌స్టోన్‌లో 259 సగటుతో ఒక ల్యాప్ కొట్టాడు. మరుసటి ఏడాదికి, రేసులో ఎవరు ఎక్కడి నుంచి బయలుదేరాలో తేల్చే అర్హత పరుగుల్లో ఇంజన్లు వెయ్యి గుర్రాల శక్తిని అవలీలగా దాటేశాయి. 1989కల్లా టర్బోలే లేవు. 1994లో ఇమోలాలో డ్రైవర్లు రాట్జెన్‌బర్గర్, సెన్నా ఒకరి తర్వాత ఒకరు చనిపోయాక వేగానికి మళ్లీ కోతలు. ఇదంతా ఫార్ములా వన్ కార్ల సంగతి. అదొక్కటే అనుకోకు. ల మాన్‌లోని పొడవాటి తిన్నని దారిలో 1988లో రోజర్ దోర్షీ 405 కిలోమీటర్లు తాకాడు. 1990లో ఆ తిన్నని దారికి రెండు షికేన్లు తగిలించారు. ఇంజనీరు ఒక తలుపు తెరుస్తాడు, నిబంధనలు రాసేవాడు వచ్చి మూసేస్తాడు. ఇంజనీరు కిటికీలోంచి దూరతాడు. నూట పాతికేళ్లుగా నడుస్తున్న తంతు ఇది. ఇందులో ఒకవైపే చూసి "వేగం పెరిగింది" అని ఊరుకోవడం సగం కథ చెప్పడమే.

నిబంధనలు లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. 2018లో పోర్షె వాళ్లు తమ 919 రేసు కారుకు రూల్‌బుక్ పక్కన పెట్టి మార్పులు చేశారు. టిమో బెర్న్‌హార్డ్ దాన్ని న్యూర్‌బర్గ్‌రింగ్ పాత ట్రాక్ మీద 5 నిమిషాల 19.5 సెకన్లలో తిప్పాడు. 1983 నుంచి నిలిచిన స్టెఫాన్ బెలోఫ్ రికార్డు 6 నిమిషాల 11 సెకన్లు. ఒక్క దెబ్బకు దాదాపు 52 సెకన్లు కొట్టుకుపోయాయి.

అయితే యంత్రం ఒప్పుకున్నంత మాత్రాన మనిషి ఒప్పుకోవాలని లేదు. 2001 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని కోడిగుడ్డు ఆకారపు (ఓవల్) ట్రాక్ మీద, కార్ట్ అనే అమెరికా రేసు పోటీల కార్లు 370కి పైగా వేగంతో తిరిగాయి. ఏటవాలు మలుపుల్లో ఒంటి బరువు ఐదింతలయినట్టు శరీరం మీద ఒత్తిడి. ల్యాప్ మొత్తం కలిపి 23 సెకన్లే, అందులో ఎక్కువ భాగం ఈ ఒత్తిడే. డ్రైవర్లు కారు దిగి సరిగా నిలబడలేకపోయారు, దిక్కు తెలియలేదు. పాతికమందిలో ఇరవై ఒక్కమంది కళ్లు తిరిగాయన్నారు. జనం వచ్చి కూర్చోవలసిన రోజునే రేసు రద్దు చేశారు. నీ పట్టికలో ఈ సంఘటనకు గడి లేదు. అక్కడ వేగం ఉంది, రేసు లేదు మరి.

ఇక నీ భాష. "మెరుపు వేగంతో", "గాలితో పోటీపడుతూ", "రెప్పపాటులో" లాంటివి లెక్కపెట్టడం మానేశాను. ఇవి ఒక కాలపు క్రీడా పేజీల జబ్బు. ఇప్పుడు కొత్త జబ్బు వచ్చింది, ప్రతిదానికీ "టాప్ టెన్". మెరుపు అన్నప్పుడు నాకేమీ కనిపించదు. పది మీటర్లు ఆలస్యంగా బ్రేకు వేశాడంటే కనిపిస్తుంది.

దీన్ని పుస్తకంగా తేవచ్చా, ఏ పత్రిక వేసుకుంటుంది అని అడిగావు. పత్రికల సంగతి పైన చెప్పాను కదా. పారితోషికం గురించి అడిగినదానికి ఇంకోసారి.

చివరి పేజీలో "త్వరలోనే రేసు కార్లు 500 దాటుతాయి" అని జోస్యం చెప్పావు. దాన్ని కొట్టేసి, ఆ చోట ఆరీ లూయెండైక్ గురించి రాయి. 1996లో ఇండియానాపోలిస్ అర్హత పరుగులో అతను నాలుగు ల్యాప్‌లను 381 సగటుతో పూర్తిచేశాడు. ఆ రికార్డు ఈనాటికీ అతని పేరు మీదే ఉంది. మరుసటి ఏడాది అదే ట్రాక్ మీద అదే మనిషి 351 సగటుతో పోల్, అంటే రేసులో అందరికన్నా ముందు బయలుదేరే చోటు, కొట్టాడు. ఆ ఏడాది టర్బోలు తీసేసి, కార్ల నిబంధనలు మార్చారు. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, డ్రైవర్లు ఏమన్నారు అన్నది తవ్వి తీసి రెండు పేజీలు రాయి. పట్టిక లేకుండా పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన