దసరా సెలవుల్లో సఫారీకి టాంజానియా వెళ్లండి

చిరంజీవి శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పిల్లలకి ఆఫ్రికా జంతువుల్ని చూపించాలని మీరిద్దరూ అనుకున్నందుకు చాలా సంతోషంగా ఉంది. కెన్యానా, దక్షిణాఫ్రికానా, టాంజానియానా అని అడిగావు. మీ పెదనాన్న ఉద్యోగం వల్ల టాంజానియాలోని అరూషాలో చాలా ఏళ్లు కాపురం చేశాను కాబట్టి ఆ దేశం మీద నాకు మమకారం ఉన్నమాట నిజమే. అయినా మీ సెలవులు, పిల్లల వయసు, మీ అత్తగారి ఆరోగ్యం అన్నీ ఆలోచించే టాంజానియా అంటున్నాను.

దేశం కంటే ముందు నెల చూసుకోవాలమ్మా. మన పిల్లలకి పెద్ద సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. అక్కడ సరిగ్గా అప్పుడే పెద్ద వానలు. దారులు బురదై బండ్లు దిగబడిపోతాయి, గడ్డి ఏపుగా పెరిగి జంతువులు దాక్కుంటాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు కూడా. ధర బాగా తగ్గించామని ఏజెంట్లు ఊరిస్తారు, ఒప్పుకోవద్దు. దసరా సెలవులైతే బాగా కుదురుతాయి. జూన్ నుంచి వానలు లేక, అక్టోబరు నాటికి నీళ్లున్న చోటికే అన్నీ చేరతాయి. మనం ఆ నీళ్ల దగ్గర ఓపిగ్గా కూర్చుంటే చాలు.

అందుకే మొదటి రెండు రాత్రులు తరంగిరే పార్కులో ఉండండి. చాలామంది దాన్ని దారిలో ఓ పూట చూసి వెళ్లిపోతారు, నాకది అస్సలు నచ్చదు. ఈ వానల్లేని కాలం చివర్లో అక్కడి నది చాలాచోట్ల ఇసుక మేటగా మిగులుతుంది. ఏనుగులు ముందుకాలితో ఆ ఇసుకని తవ్వి, తొండంతో తోడి పక్కకి పోసి, చెలమ చేసుకుంటాయి. నీరు ఊరేదాకా పెద్ద ఏనుగు కదలకుండా నిలబడుతుంది. తొండంతో తాగడం ఇంకా చేతకాని గున్న మోకాళ్ల మీద వంగి నోటితోనే తాగుతుంది. వెనకాల జీబ్రాలు తమ వంతు కోసం చూస్తుంటాయి. గట్టు మీది బావోబాబ్ చెట్లని చూడమని పిల్లలకి చెప్పు, ఏనుగులు దంతాలతో బెరడు చీల్చిన గాట్లు మానుల నిండా ఉంటాయి. డ్రైవరు బయల్దేరదామంటే ఇంకో గంట ఉందామని గట్టిగా అడుగు.

తర్వాత ఎన్‌గొరోంగొరో. ఇది ముఖ్యంగా మీ అత్తగారి కోసం. ఎప్పుడో అగ్నిపర్వతం కూలి ఏర్పడిన గుంట (క్రేటర్) అది. లోతు 600 మీటర్లు, లోపల నేల సుమారు 260 చదరపు కిలోమీటర్లు. ఒక్క రోజులో సింహాలు, ఏనుగులు, నీటిగుర్రాలు కనిపిస్తాయి, అదృష్టం బాగుంటే నల్ల ఖడ్గమృగం కూడా. జిరాఫీలు మాత్రం ఉండవు. గోడలు నిటారుగా ఉండటంతో అవి లోపలికి దిగవు. పైన అంచు మీద తెల్లవారుజామున గజగజ వణుకుతారు. భూమధ్యరేఖ దగ్గరే కదా అని స్వెట్టర్లు వదిలేయొద్దు.

అల్లుడుగారి స్నేహితులు కెన్యాలోని మసాయి మారా బాగుందన్నారట. నిజంగానే బాగుంటుంది. కానీ అది సుమారు 1,500 చదరపు కిలోమీటర్లు, టాంజానియాలోని సెరెంగెటి పార్కు 14,763. పది లక్షలకి పైగా పెద్ద జింకల్లాంటి విల్డెబీస్ట్‌లు గడ్డి వెంట తిరిగేది ఈ రెంటి మధ్యే, ఏడాదిలో ఎక్కువ కాలం ఉండేది టాంజానియా వైపే. మీరు వెళ్లే నెలలో ఉత్తరాన కొగటెండే దగ్గర మారా నది దాటుతుంటాయి. కళ్లముందే దాటతాయని ఎవరూ మాటివ్వలేరు. ఒడ్డుదాకా వచ్చి, నీళ్లు చూసి, మంద మొత్తం వెనక్కి తిరిగిపోవడమూ మామూలే. అందుకని అక్కడ కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి. దారిలో సెరొనేరా ప్రాంతంలో హైదరాబాదు చుట్టూ కనిపించే బండరాళ్ల గుట్టల్లాంటివి వస్తాయి, సింహాలు వాటి మీదే పడుకుంటాయి. మన దేశంలో 1952లోనే అంతరించిందని ప్రకటించిన చీతా ఇక్కడి మైదానంలో పట్టపగలే వేటాడుతుంది.

దక్షిణాఫ్రికా సంగతంటావా, సొంతంగా కారు నడుపుకోవాలనుకునేవాళ్లకి క్రూగర్ పార్కు మంచిది. మలేరియా బెడద లేని పార్కులు కూడా ఆ దేశంలో ఉన్నాయి, పసిపిల్లలుంటే అక్కడికే వెళ్లమనేదాన్ని. బోట్స్వానా చాలా ఖరీదు.

టాంజానియా కూడా చవకేం కాదు. పార్కు ఫీజులు డాలర్లలో, మనిషికింత, 24 గంటలకింత అని తీసుకుంటారు. ఏజెంటు చెప్పిన ధరలో పార్కు ఫీజులు, క్రేటర్‌లోకి దిగే బండి ఫీజు, పన్ను కలిశాయో లేదో రాయించుకో. బండి మీ ఒక్క కుటుంబానికే ఉండాలి. రోడ్లు కుదుపు, దుమ్ము. మీ అత్తగారి నడుం నొప్పికి తిరుగు ప్రయాణం సెరెంగెటి నుంచి అరూషాకి చిన్న విమానంలో పెట్టండి. అందులో సామాను మనిషికి 15 కిలోలకి మించనివ్వరు, అదీ మెత్తటి సంచుల్లోనే. సూట్‌కేసులు వద్దు.

ఆవిడ శాకాహారం గురించి బెంగపడకు. చపాతీ, చిక్కుడు గింజల కూర, అన్నం అక్కడివాళ్లు రోజూ తినేవే. అరూషాలో గుజరాతీ కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆవకాయ స్టీలు డబ్బాలో పెట్టుకో. ప్లాస్టిక్ కవర్లని అక్కడ 2019లోనే నిషేధించారు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పిల్లలకి జీన్స్ వేయొద్దు, ముదురు నీలం, నలుపు రంగులకి సెట్సీ ఈగలు మూగుతాయి. వాటి కాటు బాగా మండుతుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఎల్లో ఫీవర్ టీకా. అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వస్తే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో టీకా వేయించుకున్నట్టు కార్డు అడగవచ్చు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించుకున్న పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటినవాళ్లకి ఈ టీకా ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి, కాబట్టి టిక్కెట్లు కొనకముందే మీ అత్తగారిని తీసుకెళ్లి చూపించు. మలేరియా మాత్రల సంగతీ అప్పుడే అడుగు. డాక్టరు ఏమన్నారో నాకు ఫోన్ చెయ్యి, దాన్నిబట్టి ఏ ఊరి మీదుగా టిక్కెట్లు తీసుకోవాలో ఆలోచిద్దాం.

మీ పెద్దమ్మ