గేటుకి గ్రీజు పెట్టడానికి పైసలెందుకు ఉండవు?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా, ఇంట్ల తెలుగే, బడిల మరాఠీ చదివినం. మా ఊరి చెరువు తూము షట్టర్ తుప్పు పట్టి సగంల ఇరుక్కపోయింది, మూడేండ్లాయె, ఎప్పుడడిగినా ఫండ్ రాలే అంటరు, కొత్త పనులకు మాత్రం కోట్లు వస్తనే ఉన్నయి. అమెరికాల ఉన్న మా అల్లుడేమో అక్కడ నదుల మీద పడవలు పోయే లాకులకు గుడ పైసల కటకటే అంటడు. నిజమేనా? మా షట్టర్‌కి నేనేం చెయ్యాలె? – ఒక రైతు

జవాబు: మీ అల్లుడు చెప్పింది నిజమే కాకా. ఒహాయో నది మీద 1920ల నాటి రెండు లాకులు పాతబడ్డాయని వాటి బదులు ఓల్మ్‌స్టెడ్ దగ్గర కొత్తది కట్టారు, 1988లో మంజూరైనప్పుడు అంచనా 77.5 కోట్ల డాలర్లు, 2018లో తెరిచేసరికి 300 కోట్ల దాకా పోయింది. పారే నదిలోనే కట్టాలనుకోవడం ఒక కారణం, పైసలు ఏటా ఇంత ఇంత అని విడిపించడం ఇంకో కారణం. సరుకు మోసే పెద్ద పడవల (బార్జీల) డీజిల్ మీద గాలన్‌కి 29 సెంట్లు పన్ను వేసి ఆ నిధి పెద్ద పనులకి వాడతారు, అయినా చాలట్లేదు.

మన దగ్గర కొత్త పని పద్దు వేరు, మెయింటెనెన్స్ పద్దు వేరు. మెయింటెనెన్స్‌కి వచ్చిందాంట్లోనే జీతాలు, కరెంటు బిల్లులు ముందు పోతాయి, మిగిలిన దాంట్లో గ్రీజు, రబ్బరు సీళ్ళు, వైర్ రోపు, రంగు అన్నీ చూసుకోవాలి, అక్కడ కోత పడితే ఆ ఏడాది ఎవరికీ కనిపించదు. గోదావరి మీదున్న మీ బాబ్లీ బ్యారేజీనే చూడండి, సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జులై 1న గేట్లు లేపి అక్టోబర్ 28 దాకా లేపే ఉంచాలి, గేటు కదలకపోతే ఆ తీర్పు కాగితం మీదే ఉంటది కదా.

ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబర్లో ఇంకోటి. తుంగభద్రలో 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు చైన్ తెగింది, నిండిన డ్యాం, ఒక్క గేటు మీద భారం తగ్గించాలని మిగతా గేట్లు కూడా ఎత్తి రైతులు ఏడాదంతా ఎదురుచూసిన నీళ్ళు నదిలోకి వదలాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి సలహాతో వారంలో స్టాప్‌లాగ్ (గేటు బదులు తాత్కాలికంగా పెట్టే అడ్డు) దించారు గానీ, 2025లో కూడా 105 టీఎంసీల డ్యాంని 80 దాకానే నింపారు. తెగింది ఒక్క చైన్, పోయింది ఎన్ని ఎకరాల నీళ్ళో చూడండి, నాకు ఇదే అన్నిటికంటే బాధ.

2021 డ్యాం సేఫ్టీ చట్టం రిపేర్లకి డబ్బు విడిగా తీసి పెట్టాలని, వానలకి ముందు, తర్వాత తనిఖీ చేయాలని చెప్తుంది, కాకపోతే అది 15 మీటర్లు దాటిన డ్యాములకి, 10 దాటిన వాటిలో కొన్నిటికి. మీ చెరువు దాని కిందికి రాకపోవచ్చు. ఆయకట్టు 100 హెక్టార్ల లోపైతే జిల్లా పరిషత్ లఘు పాట్‌బంధారే (చిన్న నీటిపారుదల) విభాగాన్ని అడగాలి, తప్పు టేబుల్ దగ్గర మూడేండ్లు తిరిగినా పని కాదు. గ్రామసభలో తీర్మానం చేయించండి, అదీ ఎండాకాలంలో కాదు, అక్టోబర్ నవంబర్లోనే, అప్పుడైతే ఎస్టిమేట్ ఏప్రిల్ బడ్జెట్‌లోకి ఎక్కే అవకాశం ఉంటది. పది రూపాయలతో ఆర్‌టీఐ వేసి ఆ షట్టర్‌కి చివరిసారి ఎప్పుడు ఎంత ఖర్చు పెట్టారో, ఎస్టిమేట్ ఎక్కడ ఆగిందో అడగండి, దరఖాస్తు మరాఠీలోనే రాయించండి, జవాబు తొందరగా వస్తది. నీళ్ళు దిగినాక షట్టర్‌ని దగ్గర నుంచి ఫోటో తీసి దానికి జత చేయండి, జవాబు వచ్చినాక మాకూ ఒక కాపీ పంపండి, తర్వాత ఏం చెయ్యాలో అది చూసి రాస్తా.