కూలి లేచిన కట్టడాలు చూపించు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జూన్‌లో అమ్మానాన్నా జర్మనీకి నీ దగ్గరకు వస్తున్నారట. నువ్వు వేసిన ప్లాన్ మీ అమ్మ నాకూ పంపింది. పది రోజుల్లో ఏడు దేశాలు! అలా తిరిగితే వాళ్లకు గుర్తుండేవి ప్లాట్‌ఫారాలూ సూట్‌కేసులే. సగం కొట్టెయ్. మిగతా సగం ఎలా ఎంచుకోవాలో నేను చెప్తాను. ఉద్యోగమంతా కట్టుబడి పనుల దగ్గరే గడిచినవాణ్ని, ఆమాత్రం చనువు నాకుంది.

అందరూ ఎత్తు చూసో, ఫొటోలు చూసో ఎంచుకుంటారు. నువ్వు మాత్రం ఒకసారి కూలి మళ్లీ లేచిన కట్టడాలు చూపించు. దేన్ని తిరిగి కట్టుకున్నారు, ఎలా కట్టుకున్నారు అని ఆరా తీస్తే ఆ ఊరి మనసు తెలుస్తుంది.

జర్మనీలోనే ఉన్న డ్రెస్డెన్‌తో మొదలుపెట్టు. అక్కడి ఫ్రావెన్‌కిర్షె చర్చి 1743లో పూర్తయింది. 1945 ఫిబ్రవరిలో బాంబులు పడ్డ రాత్రి నిలబడే ఉంది. లోపలి మంటల వేడికి రాయి దెబ్బతిని, 15వ తేదీ ఉదయం కూలిపోయింది. తూర్పు జర్మనీ ప్రభుత్వం ఆ రాళ్ల గుట్టని యుద్ధ స్మారకంగా దశాబ్దాలపాటు అలాగే ఉంచింది. రెండు జర్మనీలూ కలిశాక, 1994లో పని మొదలుపెట్టి 2005లో పూర్తిచేశారు. గుట్టలోంచి రాళ్లు ఏరి, నంబర్లు వేసి, ఏది ఎక్కడిదో తేల్చి, పనికొచ్చినవాటిని తిరిగి గోడల్లో పెట్టారు. మన హనుమకొండ వేయి స్తంభాల గుడి కళ్యాణ మండపం రాళ్లకూ ఇలాగే నంబర్లు వేశారు. కాకపోతే హనుమకొండలో మనవాళ్లే జాగ్రత్తగా విప్పారు, డ్రెస్డెన్‌లో కూలిన కుప్పలో వెతుక్కున్నారు. 2024లో మండపం తెరిచాక మీ నాన్న వెళ్లొచ్చాడు కాబట్టి ఆయనకి ఇట్టే అర్థమవుతుంది.

లోపలికి తొందరపడకుండా ముందు చర్చి చుట్టూ ఒకసారి తిప్పు. నల్లగా కనిపించేవి పాత రాళ్లు, లేత రంగువి కొత్తవి. నలుపంతా మంటల మసి అనుకుంటారు చాలామంది. ఆ ఇసుకరాయిలో ఇనుము ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే నల్లబడుతుంది. అంటే కొత్త రాళ్లు కూడా ఎప్పటికో అందులో కలిసిపోతాయి. గుమ్మటం మీద శిలువ చూడమను. అది చేసిన లండన్ కంసాలి తండ్రి, ఆ ఊరి మీద బాంబులు వేసిన బ్రిటిష్ పైలట్లలో ఒకడు.

తర్వాత పోలండ్ రాజధాని వార్సా. బెర్లిన్ నుంచి నేరుగా రైలుంది. 1944 తిరుగుబాటు తర్వాత నాజీలు ఆ పాత పట్టణాన్ని పనిగట్టుకుని నేలమట్టం చేశారు. పోలండ్ వాళ్లు పాత కొలతల పటాలూ, బెలోత్తో అనే 18వ శతాబ్దపు చిత్రకారుడు గీసిన వీధుల బొమ్మలూ ముందు పెట్టుకుని మళ్లీ కట్టారు. 1980లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బొమ్మలు రాజకోటలో ఉన్నాయి. ముందు అవి చూపించి, తర్వాత వీధిలోకి తీసుకెళ్లు.

డ్రెస్డెన్‌లో అతుకు కనిపిస్తుంది, వార్సాలో కనిపించదు. ఇంజినీరుగా నా ఓటు డ్రెస్డెన్‌కే. కానీ ఒక జాతిని గుర్తు లేకుండా తుడిచేయాలని చూసినప్పుడు, ఉన్నదున్నట్టు తిరిగి కట్టుకోవడమే గట్టి జవాబు అని వార్సా వాళ్లంటే కాదనలేను.

పారిస్ ఎలాగూ మానవు. ఈఫిల్ టవర్ గురించి నేను చెప్పేదేం లేదు. అక్కడి నోత్ర్‌దామ్ చర్చి 2019 ఏప్రిల్‌లో కాలి, 2024 డిసెంబర్‌లో తెరుచుకుంది. పైకప్పు దూలాలు మళ్లీ ఓక్ చెక్కతోనే, చాలావరకు గొడ్డళ్లతో చెక్కి చేశారు. చర్చి లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. బయట ఎవరైనా అమ్మజూపితే కొనకు.

బోస్నియాలోని మోస్తార్ వంతెన ఈసారికి వదిలెయ్. 1993లో కూలి, 2004లో లేచిన ఆ వంతెన నాకు చాలా ఇష్టం. కానీ అది షెంగెన్ బయట, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల బయట. అమ్మానాన్నలది సింగిల్ ఎంట్రీ వీసా అయితే మళ్లీ జర్మనీలోకి రానివ్వరు, అనవసరమైన టెన్షన్.

చర్చిల్లో ప్రార్థన వేళల్లో చూడ్డానికి వచ్చినవాళ్లని ఆపేస్తారు, టైములు ముందే చూసుకో. చెప్పులు విప్పక్కర్లేదు, టోపీ మాత్రం తీయమను మీ నాన్నని.

చివర్లో జర్మనీలోని కొలోన్ పెద్ద చర్చి. అది కూలింది కాదు, ఆగింది. 1248లో మొదలై, 16వ శతాబ్దంలో పని నిలిచిపోయి, 1880కి గాని పూర్తికాలేదు. సగం కట్టిన గోపురం మీద పాత క్రేన్ శతాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది. స్టేషన్ దాటగానే ఎదురుగా కనిపిస్తుంది. గోపురం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్ట్ లేదు. మీ అమ్మ మోకాళ్ల సంగతి తెలుసుగా, నేనూ ఎక్కుతానంటే వినకు. ఆమెను కింద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, మీ నాన్నతో నువ్వెక్కు.

మీ మామయ్య