సింగపూర్‌లో ఇల్లు వెతుక్కుంటున్న కిరణ్‌కు

చిరంజీవి కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట చెప్పమని రాశావు. సెరంగూన్ రోడ్డు వెంట లిటిల్ ఇండియాలో కరివేపాకు, పూలదండలు, శ్రీనివాస పెరుమాళ్ గుడి అన్నీ ఉన్నాయి గానీ, మనవాళ్ల కాపురాలు మాత్రం ఊరంతటా చెదిరి ఉన్నాయి. 1822లో ఇంగ్లీషు దొర రాఫెల్స్ వేయించిన నగర ప్రణాళికలో చైనావారికి, దక్షిణ భారతం నుండి వచ్చిన చూలియాలకు, అరబ్బులకు వేర్వేరు వాడలు కేటాయించారు. 1964లో మలయీలకూ చైనీయులకూ మధ్య అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. ఏ జాతివారూ ఒకేచోట గుమిగూడకుండా, 1989 నుండి హెచ్‌డీబీ ఇళ్లు, అంటే ప్రభుత్వ గృహ సంస్థ కట్టిన ఫ్లాట్లు, కొనేవారికి బ్లాకుల వారీగా పరిమితి ఉంది. దానివల్ల అల్పసంఖ్యాకులకు ఇల్లు అమ్ముకోవడం కష్టమవుతున్న మాట నిజమే అయినా, అది మంచి పనేనని నా నమ్మకం.

నీవంటి విదేశీయులు హెచ్‌డీబీ ఇల్లు మొత్తాన్ని అద్దెకు తీసుకోవడానికి వేరే కోటా ఉంది. మలేషియావారిని మినహాయిస్తే, అది పేటలోని ఇళ్లలో 8 శాతం, బ్లాకులోని ఇళ్లలో 11 శాతం. కోటా మిగిలి ఉందని యజమాని చూపించాకే అడ్వాన్సు ఇవ్వు.

మనవాళ్లు లేని బ్లాకు దొరికినా వెనుకాడకు. బ్లాకు కింద గోడలు లేకుండా వదిలిన జాగాను వాయిడ్ డెక్ అంటారు. ఒక ఆదివారం అక్కడ మలయీల పెళ్లి విందు జరుగుతుంది. మరో వారం అదే చోట చైనావారు శవపేటికను కొన్ని రోజులపాటు ఉంచి, రాత్రిళ్లు కాపలా కూర్చుంటారు. పెళ్లి పాటల హోరు మీదా, చావు మేళం మీదా ఫిర్యాదు చేయవద్దు. మైల అని మొహం తిప్పుకోకుండా, తెలిసినవారైతే కాసేపు కూర్చుని, తెల్ల కవరులో చేతనైనంత డబ్బు పెట్టి ఇవ్వు; అది వారి ఆచారం. వారి ఏడో చాంద్రమాసంలో చనిపోయినవారి కోసం దారి పక్కన అన్నం, పండ్లు పెట్టి కాగితాలు కాలుస్తారు. మహాలయ పక్షాలు తెలిసినవాడివి కనుక, వాటిని తొక్కకుండా పక్కగా నడువు.

రంజాన్ పండుగకు మలయీల ఇంటికి వెళ్తే హలాల్ ముద్ర ఉన్న తినుబండారాల డబ్బా తీసుకెళ్లు. చైనా కొత్త సంవత్సరానికి రెండు నారింజ పండ్లు రెండు చేతులతో ఇవ్వాలి. హాకర్ సెంటర్లో, అంటే తిండి అంగళ్లన్నీ ఒకేచోట ఉండే జాగాలో, తిన్నాక, హలాల్ పళ్లేలను వాటికి కేటాయించిన చోటే పెట్టాలి.

తెలుగు మాట కోసం మొహం వాచిననాడు సింగపూర్ తెలుగు సమాజం ఉంది. 1975 నుండి నడుస్తోంది. ఉగాది పచ్చడి మాత్రం ముందు ఇరుగుపొరుగు ఇళ్లకు పంపు, అందులో ఏమేమి కలిపావో చెప్పి మరీ ఇవ్వు.

ఇట్లు,
నీ పెదనాన్న