పాత ఇంట్లో ఎవరుండేవారు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఓ పల్లెటూళ్లో పాత ఇల్లు కొన్నాడు. అందులో ఇదివరకు ఎవరుండేవారో తెలుసుకోవడం ఎలా?

జవాబు: జనాభా లెక్కలతో మొదలుపెట్టమనండి. 1841 నుంచి 1921 వరకు పేర్లతో సహా చూడొచ్చు. 1931వి 1942లో తగలబడిపోయాయి. 1941లో యుద్ధం వల్ల అసలు తీయలేదు. ఆ లోటును 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలవగానే ఇంటింటా జనం పేర్లు రాసుకున్న రిజిస్టరు కొంత తీరుస్తుంది.

చాలామంది బోల్తాపడేది 1851–1901 పుస్తకాల్లో ఎడమ చివరి అంకె దగ్గర. అది ఇంటి నంబరు కాదు, లెక్కలాయన కుటుంబాలకు వేసుకున్న వరుస సంఖ్య. పల్లెల్లో ఇళ్లకు నంబర్లెక్కడివి! పేరు మారని పబ్బునో, చర్చి ఫాదరు ఇంటినో పట్టుకుని, అక్కణ్నుంచి ఎన్నో ఇల్లో లెక్కపెట్టాలి. లెక్కలాయన ఏ సందులోంచి తిరిగాడో తెలియదు కాబట్టి ముందు, వెనక పదేళ్ల పుస్తకాలతో సరిచూడాలి.

1841లో పదిహేనేళ్లు దాటినవారి వయసు మామూలుగా ఐదుల్లోకి దించి రాశారు. 34 అయినా 30 అనే కనిపిస్తుంది. వయసు కలవలేదని మనిషిని వదిలేయొద్దు.